నేతోళ్ల గ్రూపుల తాత గొంతు

తెలంగాణ వచ్చిన కొన్నేండ్లకు మా నారాయణపేటల అందరి చేతుల్లకు పెద్ద ఫోన్లొచ్చినయి. అప్పుడు నేను హైదరాబాదుల పీహెచ్‌డీ చేస్తున్న. ఇంటర్నెట్ల మనుషులు ఎట్ల కలుస్తరు, ఏం మాట్లాడుకుంటరు అన్నదే నా పరిశోధన. ఎక్కడెక్కడివో గ్రూపులు చదివి చదివి, ఆఖరుకు మా బాపు ఉన్న, చీరలు నేసే నేతోళ్ల వాట్సాప్ గ్రూపుల చేరిన.

పొద్దున లేస్తే చీరల ఫోటోలు, పెండ్లి పత్రికలు, ఎవరన్న పోతే ఆ కబురు. అన్నిట్ల నేను ఎదురుచూసేది మా వీధి చివరింటి తాత గొంతు కోసం. ఆయనకు రాయరాదు. మగ్గం కాడ కూసుండే మాట రికార్డు చేసి పంపుతుండె.

"గా చీర ఎవరు నేసిండ్రా? మెరూన్ అంచుకు గులాబి కొంగా? కండ్లున్నయా నీకు?" అని మొదలుపెట్టి, వాన మీదికో మోకాలి నొప్పి మీదికో పోతుండె. వెనుక నుంచి అవ్వ, "చాయ్ సల్లారుతాంది, ఇగ రా!" అని కేకేస్తుండె.

ఆ మాటలు దాచుకొని నా పరిశోధనల వాడుకుంటనని అనుమతి అడుగుదామని తాత ఇంటికి పోయిన. "నా తిట్లు రాసుకుంటే నీకు డాక్టరు పట్టా ఇస్తరా బిడ్డా?" అని కడుపుబ్బ నవ్విండు.

"పేరు రాయను తాతా. చదువు అయిపోంగనే అన్నీ చెరిపేస్త."

"సరే తియ్యి. జర మంచి తిట్లే రాయి."

రెండేండ్లకు ఆయన గొంతుల గడ్డ లేసింది. పట్నం దవాఖానల ఆపరేషన్ చేసిన్రు. మనిషి దక్కిండు గని మాట పోయింది.

నా థీసిస్ అయిపోయింది. ఇచ్చిన మాట ప్రకారం చెరిపేయాలె. చెయ్యి రాలే. ఆయన్నే అడుగుదామని బస్సెక్కిన.

"తాతా, నీ మాటలన్నీ నా కాడనే ఉన్నయి. ఏం చెయ్యమంటవు?" అన్న. ఆయన అవ్వ దిక్కు వేలు చూపించిండు.

ల్యాప్‌టాప్ తెరిచి ఒకటి వినిపించిన. ఆయన గొంతు రాంగనే అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఆపబోయిన.

"ఉండనీ," అన్నది.

నడుమ తన కేక తనకే వినపడేసరికి నవ్వొచ్చింది ఆమెకు. "సూసినవా బిడ్డా, ఒక్క చాయ్ తాగనీకి ఎన్నిసార్లు పిలిపించుకుంటుండెనో!"

తాత భుజాలు ఊగంగ, చప్పుడు లేకుండ నవ్విండు. ఆ పగలంతా ముగ్గురం వింటనే ఉన్నం. అన్నం గూడ అక్కడ్నే తిన్న.

అన్నీ అవ్వ ఫోన్ల వేసిచ్చి, ఆయన ముందే నా కాడివి చెరిపేసిన. బస్టాండు దాంక తాత నా ఎంబడి వచ్చిండు. ఆయన పక్కన అంత నిమ్మళంగ నడుసుడు నాకు అదే మొదలు. బస్సు కదిలేముందు కిటికీల నుంచి చెయ్యి పెట్టి నా తల నిమిరిండు.

ఇప్పుడు నేను కాలేజీల గా ఇంటర్నెట్ మనుషుల పాఠమే చెప్తున్న. తాత ముచ్చట వచ్చినప్పుడల్ల పిల్లలు, "ఎట్ల తిడుతుండె మేడమ్, ఒక్కసారి అని చూపియ్యున్రి," అంటరు. అని చూపిస్త. మాటలు వస్తయి, ఆ గొంతే రాదు.