మేకకు దారిచ్చిన రోబో: బచేలి నుంచి పామేడు దాకా

ఈ ప్రయాణానికి కారణం ఒక ఫోను. నేను బచేలి టౌన్‌షిప్ బడిలో కంప్యూటర్లు చెబుతాను, సాయంత్రాలు పిల్లల చేత చిన్న రోబోలు చేయిస్తాను. మా బడిలో చదువుకుని సొంతూరు పామేడు వెళ్ళిపోయిన సునీత మార్చిలో ఫోన్ చేసింది. వాళ్ళమ్మ లచ్చమ్మకు కంట్లో పొర వచ్చింది, చర్లలో శుక్రవారం కంటి క్యాంపు ఉంది. అది ఏటా ఇప్పపువ్వు రాలే రోజుల్లోనే పడుతోందని ఆమె రెండేళ్ళుగా వెళ్ళడమే లేదు. "అయ్య మిర్చి కోతకు పోయిండు మేడం. అమ్మకు తోడు నేను పోవాలె. ఊరోళ్ళంత పొద్దుగాల పువ్వు ఏర అడవికి పోతరు. వాకిట్ల ఎండేసిన పువ్వుకు కావలి ఎవరుండాలె? మేకలు ఒక్క పూటల ఊడుస్తయి" అంది. "దానిదేముంది, మేకల్ని తరిమే రోబో తెస్తాను" అనేశాను. నా నోటికి అదుపు లేదని మా ఆయన ఊరికే అనడు.

గురువారం ఉదయం ఆరింటికి బచేలిలో బస్సెక్కితే ఏడుంపావుకు గీదం. అక్కడ టీ తాగి బస్సు మారి బీజాపుర్‌లో దిగేసరికి పది దాటింది. అక్కడి నుంచి పామేడుకు ఈమధ్యే బస్సు తిరుగుతోందిగానీ అది నా కళ్ళ ముందే వెళ్ళిపోయింది. జీపులో సీటు దొరికింది. ఛార్జీలన్నీ కలిపినా ఐదు వందలు దాటలేదు, నడుము సంగతి వేరు. "సామాన్ పైన కట్టేస్తా మేడం" అన్నాడు డ్రైవరు. వద్దని రోబో డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను. గుంతల్లో అది ఎగిరిన ప్రతిసారీ లోపల ఏదో ఊడిన చప్పుడు. మధ్యలో పోలీసుల తనిఖీ దగ్గర వైర్లూ బ్యాటరీలూ బయటికి తీసి, బొమ్మేనని నమ్మించి, మళ్ళీ సర్దుకునేసరికి అరగంట. పామేడు చేరేసరికి మూడు.

సునీత పెట్టిన అన్నం తిని, ఊడిన నాలుగు వైర్లు బిగించి, ల్యాప్‌టాప్ తీశాను. ఈ రోబోకు ముందు భాగంలో కళ్ళలా రెండు సెన్సర్లుంటాయి. ఎదురుగా ఏదైనా వస్తే అవి కనిపెడతాయి, అప్పుడేం చేయాలో బోర్డులో ఎక్కించిన ప్రోగ్రామ్ చెబుతుంది. తరిమే ప్రోగ్రామ్ ల్యాప్‌టాప్‌లో సిద్ధంగా ఉంది. దాన్ని బోర్డులోకి ఎక్కించే కేబుల్ మాత్రం బచేలిలో, బడి బల్ల మీద ఉంది! అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని. ఫోన్ కేబుల్ పట్టదు, ప్రింటర్‌కు వాడే చదరపు మూతిది కావాలి. "బీజాపుర్‌ల దొరుకుద్ది మేడం" అన్నాడు ఊళ్ళో కొట్టతను. బీజాపుర్‌లో దొరుకుతుందని నాకూ తెలుసు, వెళ్ళి వచ్చేసరికి క్యాంపు అయిపోతుందనీ తెలుసు.

బోర్డులో పిల్లలు ఎక్కించిన పాత ప్రోగ్రామే ఉంది: అడ్డం వస్తే ఆగు, వెనక్కి తగ్గు, పక్కకు తిరుగు. సరే చూద్దామని వాకిట్లో వదిలాను. మేక ఎదురొచ్చింది. రోబో ఆగి, వినయంగా వెనక్కి తగ్గి, పక్కకు తిరిగింది. మేక నింపాదిగా పువ్వు మీదికి వెళ్ళింది.

"ఏందిది మేడం, మీ బండి మేకకు తొవ్వ ఇస్తాంది!" అంది లచ్చమ్మ. మేకలు ఆమెకు కనిపించవు, మసక మసగ్గా కదిలేవే కనిపిస్తాయి. అయినా రోబో పిరికితనం కనిపించింది.

శుక్రవారం తెల్లవారుజామునే లేచి మోటార్ల వైర్లు తారుమారు చేశాను. ఇప్పుడు వెనక్కి తగ్గమంటే ముందుకు దూకుతుంది కదా! దూకుతుంది, కానీ ముందుకు పొమ్మంటే వెనక్కి పోతుందని అది పువ్వు మీదికెక్కి తొక్కేదాకా నాకు తట్టలేదు. తేనెలా జిగురు కారే పువ్వులు చక్రాలకు చుట్టుకుని రోబో మొరాయించింది. మేక వచ్చి చక్రాలు నాకింది. ఏడుపొచ్చింది నాకు.

చర్ల వెళ్ళే జీపు హారన్ వినిపించింది. లచ్చమ్మ కొంగు నడుముకు దోపుకుని మంచం మీద కూర్చుంది. "నేను పోను తియ్యి బిడ్డా. వచ్చే ఏడు చూద్దాం." సునీత చేతిలో సంచి కింద పెట్టేసింది. మూడో ఏడు కూడా ఇదే మాట వింటున్న మొహం అది.

ఒళ్ళు మండిపోయింది, రోబో మీదా, నా మీదా. "లేవండమ్మా, జీపెక్కండి. కావలి నేనుంటాను" అన్నాను.

"నువ్వా? మేక నీ మాట ఇంటదా?" అంటూనే ఆమె మూలనున్న కర్ర నా చేతికిచ్చి లేచింది.

ఏడింటి నుంచి నాలుగింటి దాకా ఎండలో మేకల్నీ కోళ్ళనీ అదిలించాను. సెన్సర్లు లేవు, ప్రోగ్రామ్ లేదు. భుజం మాత్రం పట్టేసింది. చర్ల నుంచి వచ్చాక లచ్చమ్మ నేల మీద చెయ్యి పెట్టి పువ్వు తడిమింది. "ఈ మూల పువ్వు తిరగెయ్యలే నువ్వు" అని కసిరి, ఆ తర్వాత చెప్పింది, ఆపరేషన్‌కు వచ్చే శుక్రవారం రమ్మన్నారని.

రోబోలు చేయడం మానను. నేను నేర్పిన పిల్లలు ఏదో ఒక రోజు మేకను తరిమే దాన్ని చేస్తారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ లచ్చమ్మ కన్ను అందాకా ఆగదు, ఇప్పపువ్వూ ఇంకా రాలుతూనే ఉంది. అందుకే వచ్చే శుక్రవారానికి సెలవు పెట్టాను. మీరూ ఇలా రోబో పట్టుకుని బయల్దేరితే ప్రోగ్రామ్ ఇంట్లోనే ఎక్కించి చూసుకోండి, కేబుల్ డబ్బా మూతకే కట్టేయండి. కర్ర మోసుకెళ్ళక్కర్లేదు, అక్కడే ఇస్తారు.