వెంట తీసుకుపోయిన ఊరిపేరు

ఆదిలాబాద్ అడవి అంచున మేమున్న చోట, పేరు వింటేనే ఆ ఊరు ఎవరిదో తెలిసేది. వాగు కింద ఊరు మరాఠీవాళ్ళది, పేరు చివర 'వాడి'. రోడ్డు పక్కన ఊరు జాగీర్దారుది, ఆయన పేరు చివర 'బాద్'. మేమున్నది గోండుల గూడెం, దాని పెద్ద అయిన పటేల్ తండ్రి పేరే దాని పేరు. సుల్తానాబాద్ వైపు నుంచి బతకడానికి వచ్చిన మా కొన్ని కుటుంబాలకు ఇళ్ళకు జాగా, దున్నుకోవడానికి చెలక ఇచ్చింది ఆ పటేలే. మా బాపును తమ్మీ అనేవాడు. నేను ఆయన్ని పెద్దబాపు అనేవాణ్ణి.

నిజాం రాజ్యం పోయిన కొన్నేళ్ళకు గూడెంలో మశూచి వచ్చింది. జబ్బు పట్టిన చోట గోండులు ఉండరు. వాళ్ళు కదిలితే ఊరిపేరూ వెంటే పోతుంది. కొత్త గుడిసెలు ఎక్కడ లేస్తే అదే ఆ ఊరు. పటేల్ మాత్రం పాలుపోసుకుంటున్న జొన్నను చూసి వెనకాడాడు. గోండుల మాట నాకు వచ్చు గనుక బాపు నన్ను పంపాడు.

"చేన్లు మేం చూస్తమని చెప్పు. జబ్బు తగ్గినంక వచ్చి దున్నుకోమను."

చెప్పాను. పటేల్ నా తల నిమిరాడు.

"నువ్వు చెప్పినవంటే సాలు బిడ్డా."

అందరినీ తీసుకుని గుట్ట మీదికి పోయాడు.

వాళ్ళు లేనప్పుడు సర్కారు నుంచి భూమి కొలిచేవాళ్ళు వచ్చారు. ఊరిపేరు అడిగితే బాపు కొత్తపల్లె అన్నాడు. దున్నేదెవరంటే మావాళ్ళను చూపించి పేర్లు రాయించాడు. కొలత గొలుసు ఒక కొస పట్టుకుని నేను పక్కనే ఉన్నాను.

తొలకరికి పటేల్ ఎద్దులతో, నాగలితో గుట్ట దిగాడు. బాపు చేని గట్టు మీదే ఆపాడు.

"ఎటు పటేల్?"

"నా ఊరికే తమ్మీ."

"గిది కొత్తపల్లె. నీ ఊరును నువ్వే గుట్ట మీదికి తీస్కపోతివి గద!"

మావాళ్ళు నవ్వారు. పటేల్ నా వైపు తిరిగాడు.

"నువ్వు జెప్పు బిడ్డా. ఆనాడేం జెప్పినవ్?"

నేను ఎద్దుల వైపు చూస్తూ ఉండిపోయాను. ఆయన నాగలి మళ్ళీ భుజానికెత్తుకున్నాడు.

ఇంటికొచ్చి అడిగాను. "మాటిచ్చి గట్లంటివేంది బాపూ?"

"నేనెప్పుడిచ్చిన్రా?" అన్నాడు బాపు, కాళ్ళు కడుక్కుంటూ. "పోయి చెప్పొచ్చింది నువ్వు గదా."

నన్నే ఎందుకు పంపాడో అప్పుడు తెలిసింది. కన్నతండ్రి నన్ను వాడుకున్నాడన్న కోపం చాలా ఏళ్ళు మోశాను. గట్టు మీద నోరు మూసుకున్నది మాత్రం నేనే. ఆ చెలకలో వాటా వస్తే కాదనకుండా తీసుకున్నాను.

ఊరికి బస్సు పడ్డాక కండక్టరు కొత్తపల్లె అని కేకేసేవాడు. ఆ పేరెట్లా వచ్చిందని ఎవరైనా అడిగితే, మేం కొత్తగా వచ్చినందుకని చెప్పి దిగిపోయేవాణ్ణి. గుట్ట మీది ఊరికి పటేల్ తండ్రి పేరే మిగిలింది, కాళ్ళ కింద రాళ్ళ నేల మిగిలింది. అక్కడివాళ్ళు మా చేలకు కూలికి వచ్చేవారు. పటేల్ ఎన్నడూ రాలేదు.