పరదా గది సక్కుబాయి

సక్కుబాయి కొలువేమిటో మెట్‌పల్లిలో ఎవరికీ సరిగా తెలియదు. పట్నంలో విమానాల దగ్గర పోలీసని మాత్రం చెప్పుకునేవారు. విమానాల దగ్గరంటే రోజూ ఆకాశంలో ఓ చుట్టు తిరిగి వస్తుందనుకున్న అమాయకులూ లేకపోలేదు. చిత్రమేమిటంటే ఆమె నిలబడే చోటికి విమానం కనిపించనే కనిపించదు. మూడు వైపులా చెక్క పలకలు, ముందు నీలం పరదా, లోపల ఒక చిన్న పీట, అంతే. విమానం ఎక్కబోయే ఆడవాళ్లు ఒక్కొక్కరే పరదా తొలగించుకుని వచ్చి పీట మీద చేతులు చాచి నిలబడాలి. సక్కుబాయి వాళ్లను భుజాల నుంచి మడమల దాకా తడిమి, కత్తీ కటారూ ఏమీ లేవని చీటీ మీద ముద్ర వేసి పంపాలి.

కోరి తెచ్చుకున్న నౌకరి కాదది. ఎనభై నాలుగులో ఆమె భర్త హనుమండ్లు, కానిస్టేబులు, బందోబస్తుకు పోతూ జగిత్యాల దారిలో లారీ కింద పడి పోయాడు. ఆయన బదులు ఆమెకు ఇచ్చారు. అప్పటిదాకా ఆమె మెట్‌పల్లిలో అత్తవారింట మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టిన మనిషి. ఏడేళ్ల కూతురు సరోజనను అత్త చంద్రవ్వ దగ్గర వదిలి పట్నం బస్సెక్కింది. అక్కడ నలుగురు ఆడ కానిస్టేబుళ్లకు ఒకే గది, పిల్లను ఎక్కడ పెట్టుకుంటుంది? సర్కారు క్వార్టర్ కోసం దరఖాస్తు పెట్టి మూడేళ్లకు పైగా ఎదురుచూసింది. క్వార్టర్ వస్తే సరోజన వస్తుంది. ఆమె ఆశంతా ఆ ఒక్క మాట మీదే ఉండేది.

చేతులకు కళ్లుంటాయంటే నమ్మనివాళ్లు ఆ గదిలో ఒక్క పూట నిలబడి చూడాలి. ఎవరి రవికెలో మడిచిన ఉత్తరం ఉందో, ఏ మొలతాడుకు ఎన్ని తాయెత్తులున్నాయో, ఏ పట్టుచీర కింద నడుం మీద వాత తేలి ఉందో ఆమె వేళ్లకు తెలిసేది. విమానంలో పనిచేసే అమ్మాయిలకూ తప్పదు ఈ తనిఖీ. రోజూ చూసే మొహమే కదా అని వాళ్లు గొణుక్కుంటూ వచ్చి నిలబడేవారు. అందులో ఒకమ్మాయి మూడో నెలతో ఉన్న సంగతి ఆ అమ్మాయి మొగుడి కంటే ముందు సక్కుబాయికే తెలిసింది. పైవాళ్లకు తెలిస్తే విమానం నుంచి దింపి ఆఫీసు కుర్చీలో కూర్చోబెడతారు. సక్కుబాయి ఆ రోజు నుంచి చెయ్యి తేలికగా ఆనించి, ఏమీ ఎరగనట్టు ముద్ర వేసింది. కత్తి దొరికితే ఏం చేయాలో శిక్షణలో నేర్పారు గాని, కత్తి కానిది దొరికితే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. గదిలోది గదిలోనే ఉండాలని ఆమె తనకు తానే నియమం పెట్టుకుంది.

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. రోజుకు రెండు మూడు వందల మందిని ముట్టుకునే ఆ మనిషిని ముట్టుకునే మనిషి ఒక్కరూ లేరు. సెలవుకు ఊరికొస్తే మొదటి పూట సరోజన కూడా కొత్తగానే చూసేది. రెండో రోజు సాయంత్రానికి ఒళ్లో తల పెట్టేది. తెల్లారితే సక్కుబాయి బస్సు.

బొట్టు సంగతి అక్కడే, ఆ గదిలోనే మొదలైంది. మొదటిసారి విమానమెక్కుతున్న ఒక కొత్త పెళ్లికూతురు పరదా తీసి, సక్కుబాయి బోడి నుదురు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ప్రయాణమై బయలుదేరినవాళ్లకు ముండమోపి ఎదురు రాకూడదు గదా. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. బయట నిలబడ్డ అత్తగారు ఇంకెవరూ దొరకలేదా అని అందరికీ వినబడేటట్టు అడిగింది. పాపం, సక్కుబాయికి వాళ్ల మీద కోపం రాలేదు. నేనైనా అట్లాగే అనుకునేదాన్ని కదా అనుకుంది. మర్నాడు స్టిక్కర్ బొట్లు కొని తెచ్చుకుంది. గదిలోకి వెళ్లేముందు పెట్టుకోవడం, పని దిగగానే తీసేయడం. ఎవరి ప్రయాణం వాళ్లు నిమ్మళంగా చేసుకుంటే చాలనుకుంది.

ఎనభై ఎనిమిది ఏప్రిల్‌లో ఒక పొద్దున, బొంబాయి విమానం వేళకు, ఒక పెద్దింటావిడ వచ్చి పీట మీద నిలబడింది. కుడి చెయ్యి సగమే లేచింది. సక్కుబాయి చెయ్యి రవికె మీదికి పోయి ఆగింది. లోపల గుడ్డ మూట ఉంది. గుడ్డలో చుట్టింది ఏదైనా సరే, విప్పి చూడాలన్నది రూలు.

"ఏం పెట్టిండ్రమ్మా గిక్కడ?" అని తలెత్తి చూస్తే జానకీబాయి. మెట్‌పల్లి బాలకిషన్‌రావు దొర భార్య. సక్కుబాయి అత్తమామలు ఆ ఇంటికి తరాలుగా చీరలు నేసి ఇచ్చినవాళ్లు.

జానకీబాయి ఎడమ చేత్తో హుక్కులు తానే విప్పింది. మడతలు పెట్టిన మెత్తటి గుడ్డ, దాని కింద చదునైన చర్మం మీద చంక దాకా కుట్ల గీత. ఒక రొమ్ము లేదు. సక్కుబాయి గుడ్డను మళ్లీ మడతల ప్రకారం సర్దింది. ఆమె చెయ్యి లేవదని హుక్కులు తానే పెట్టి, పైట సరిచేసింది.

"పోయి రాండ్రి దొరసాని. జర పైలం," అంది.

జానకీబాయి అప్పుడు ఆమె మొహం చూసింది. మొహం కంటే ముందు నుదుటి బొట్టు చూసింది. చీటీ తీసుకుని వెళ్లిపోయింది.

జూన్ మొదట్లో క్వార్టర్ వచ్చింది. రెండు గదులు, ఒక కుళాయి. సక్కుబాయి కూతురికి బడిలో సీటు మాట్లాడింది, మంచం కొన్నది, ఆ మంచం పక్కన గోడకు అద్దం తగిలించింది. రెండు రోజులు సెలవు పెట్టి మెట్‌పల్లికి పోయింది. పోయేసరికి వాకిట్లో అత్త చంద్రవ్వ, పక్కన కులపెద్ద అంతయ్య కూర్చుని ఉన్నారు. చెంబుతో నీళ్లు ఇచ్చేవాళ్లు లేరు.

"పిల్లను పంప," అంది చంద్రవ్వ.

"ఏమైందత్తా?"

"నన్నడుగుతున్నవా? జానకీబాయి దొరసాని పిలిపిచ్చి చెప్పింది. నీ కోడలు మారుమనువు చేసుకున్నదా చంద్రవ్వా, బొట్టుతోని ఉన్నది, ఎవరో పోలీసు జమేదారు పెండ్లాన్ని పిలిచినట్టు పిలుస్తుండు అన్నది. నా కొడుకు పోయి నాలుగేండ్లన్న కాలే."

జమేదారెవరు? అటువంటి మనిషే లేడు. బొట్టు వరకు చూసిన మాట, తక్కినదంతా కల్పించిన మాట. ఎందుకు కల్పించిందో కూడా సక్కుబాయికి క్షణంలో తెలిసిపోయింది. జానకీబాయి బిడ్డకు కరీంనగర్‌లో సంబంధం కుదురుతున్నదని తాను బస్సులోనే విన్నది. తల్లికి ఆ రోగమని తెలిస్తే బిడ్డకూ వస్తుందంటారు, ఆ సంబంధం అక్కడే ఆగుతుంది. ఆ సంగతి తెలిసిన పరాయి మనిషి సక్కుబాయి ఒక్కతే. రేపు అది నోరు తెరిచినా ఊరు నమ్మకుండా ఉండాలంటే ఇవాళే దాన్ని చెడ్డదాన్ని చేయాలి. పెద్దింటి తెలివి మరి.

"బొట్టు పెట్టుకున్నది నిజమే అత్తా. ప్రయాణం పోయేటోళ్లకు నా ముఖం ఎదురు రావద్దని పెట్టుకున్న. మనిషి ఎవ్వడు లేడు. సరోజన మీద ఒట్టు."

"అయితే దొరసాని అబద్ధమాడిందా? గంత పెద్దామెకు నీ మీద అబద్ధమాడే అవసరం ఏమొచ్చింది? చెప్పు."

అంతయ్య కూడా ముందుకు వంగాడు. "ఆఁ, గదీ మాట. అవసరం ఏంది? చెప్పమ్మా, ఇంటం."

చెబితే ఒక్క మాటలో అయిపోతుంది. అత్త నమ్ముతుంది, ఎందుకంటే కారణం కనబడుతుంది. సాయంత్రం బస్సుకు సరోజన పక్కన కూర్చుంటుంది. ఆ మాట సక్కుబాయి నాలుక చివరి దాకా వచ్చింది. ఆమెకు జానకీబాయి మీద ఒళ్లు మండిపోతోంది. నీ పరువు నేను చేత్తో మడిచి దాచిపెడితే నా పరువును బజారున వేస్తావా అని అరవాలనుంది. కాని ఆ హుక్కులు తన వేళ్లతో పెట్టింది. మళ్లీ అవే వేళ్లతో వాటిని వాకిట్లో, ఒక మగవాడి ముందు విప్పాలా? ఆమె వల్ల కాలేదు.

"నాకు తెల్వదు," అంది.

"మాట రాకపోతే ఒప్పుకున్నట్టే," అన్నాడు అంతయ్య, కండువా దులుపుకుని లేస్తూ. కుండకు మూకుడు పెట్టవచ్చు గాని ఊరి నోటికి ఏం పెడతాం? పొద్దు గూకేలోపు వీధంతా పాకింది.

సరోజన అప్పటికే తన రేకుపెట్టె సర్దుకుని తలుపు పక్కన నిలబడి అంతా విన్నది. పదకొండేళ్ల పిల్ల. సక్కుబాయి వెళ్లబోతుంటే దగ్గరికి వచ్చింది.

"అవ్వా, దొరసానికి నువ్వంటే కోపమా?"

"కోపం కాదు బిడ్డా. భయం."

"ఎందుకు భయం?"

సక్కుబాయి చెప్పులు వేసుకుంది. పిల్ల పెట్టె పట్టుకుని లోపలికి పోయింది. బస్టాండు దాకా ఎవరూ రాలేదు. క్వార్టర్లో ఆ మంచం మీద ఉతికిన బట్టలు పెట్టుకోవడం అలవాటు చేసుకుంది.

మూడేళ్లకు జానకీబాయి పోయింది. బిడ్డ పెళ్లి ఎప్పుడో అయిపోయింది కనుక ఆ రోగం పేరు అందరూ బాహాటంగానే చెప్పుకున్నారు. అది విని సక్కుబాయి ఒక నెలంతా ఎదురుచూసింది, అత్త నుంచి ఒక ఉత్తరం ముక్క వస్తుందేమోనని. దొరసాని రోగాన్నీ, ఆమె సక్కుబాయి మీద వేసిన నిందనూ కలిపి చూడాలని అక్కడ ఎవరికీ తోచలేదు. తోచినా, సరోజనకు అప్పటికి తల్లి లేకుండా బతకడం వచ్చేసింది.

ఆ తర్వాత ఏడాది ఒక మధ్యాహ్నం, విమానంలో కొత్తగా చేరిన ఒకమ్మాయి తనిఖీకి వచ్చింది. సక్కుబాయి చేతికి వీపంతా గరుకుగా తగిలింది. కాలిన మచ్చలు. ఆ పిల్ల బిగుసుకుపోయి, చాచిన చేతులు దించకుండానే గుసగుసగా అడిగింది.

"మేడమ్, ఎవరికీ చెప్పరు కదా?"

"ఎవరికి చెప్తనమ్మా?" అంది సక్కుబాయి, చీటీ మీద ముద్ర వేస్తూ. "చెప్పుకుందామన్నా నాకెవరున్నరు?"

ఆ పిల్ల అది పరాచికం అనుకుని నవ్వింది.