బల్బు కింద పుప్పొడి

మా పెద్దమ్మకు ముక్కు మీద కోపం. ఆమె పనిచేసే చోట ఆ కోపానికి విలువ కూడా ఉండేది. టమాటా విత్తనాలు తయారుచేసే వల కప్పిన షెడ్డులో పదమూడు మంది ఆడవాళ్ళకు ఆమే పెద్ద. అక్కడ పని చూడ్డానికి సులువు. మొగ్గ విప్పి, చిన్న పట్టకారుతో కేసరాలు లాగేసి, మర్నాడు పొద్దున పువ్వు నడుమనున్న సన్నటి పోగుకు వేరే రకం పుప్పొడి అద్దాలి. పోగు విరిగిందో, కాయ లేదు, విత్తనమూ లేదు.

అద్దడం అందరి పని. పుప్పొడి తయారుచేసేది మాత్రం పెద్దమ్మ ఒక్కతే. సాయంత్రం తీసిన కేసరాలను పళ్ళెంలో పరిచి, అవి ఆరడానికి పైన జానెడు ఎత్తున వంద వాట్ల బల్బు వేలాడదీసి, తెల్లవార్లూ వెలగనిచ్చి, పొద్దున జల్లించి డబ్బాకెత్తేది. "ఇరవై రెండేళ్ళలో ఈ బల్బును నా చేత్తో ఒక్క రాత్రి కూడా ఆర్పలేదు" అని చెప్పుకునేది. ఎవరైనా స్విచ్చి వైపు చూస్తే చాలు, ఒంటికాలి మీద లేచేది.

ఆ ఏడు పూలు రాలాయి. పుప్పొడి అద్దిన మూడోనాటికే తొడిమ పసుపెక్కి, వేలు తగిలితే ఊడిపోయేది. అందరి వరసల్లోనూ అదే గోల. కాకపోతే పడమటి కొసన మా అమ్మ వరసలో మరీ ఎక్కువ, ఎందుకంటే మధ్యాహ్నపు ఎండ నేరుగా కొట్టేది అక్కడే. అదంతా ఆలోచించే ఓపిక పెద్దమ్మకెక్కడిది? అమ్మ ఆమెకు తోటికోడలు, పైగా పనికి కొత్త. అందరి ముందూ అనేసింది.

"నీది మొరటు చెయ్యే. పోగులన్నీ నలిపేస్తున్నావు."

"కాదక్కా, పుప్పొడే పొట్టులా ఉంది. వేలికి అంటడం లేదు. ఆ బల్బు కాస్త పైకి..."

"నాకు నేర్పొచ్చావా? నిన్నగాక మొన్న వచ్చి!"

పెద్దమ్మ మాటంటే యజమానికి తిరుగులేదు. మర్నాటి నుంచి అమ్మను బయట పొలంలో కలుపు తవ్వడానికి పంపాడు. అమ్మ ఏడవలేదు, ఎవరితోనూ పోట్లాడలేదు. పార పిడికి పాతగుడ్డ చుట్టుకుని వెళ్ళేది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయి, పెద్దమ్మ ఇంటి గుమ్మం తొక్కడం మానేశాను.

అమ్మ వరస ఇంకొకావిడకిచ్చారు. ఆవిడ చేతిలోనూ రాలాయి. అప్పుడైనా పెద్దమ్మకు అనుమానం రాలేదు.

ఒకరోజు రాత్రంతా కరెంటు లేదు. పొద్దున చూస్తే కేసరాలు మెత్తగా, కాస్త చెమ్మగా ఉన్నాయి. చెబితే పరువు పోతుందని, పెద్దమ్మ గుట్టుచప్పుడు కాకుండా వాటినే జల్లించి, వచ్చిన కాస్త పుప్పొడినీ అందరికీ పంచింది. ఏ రోజు అద్దిన పువ్వుకు ఆ రోజు రంగు దారం కట్టడం అక్కడి పద్ధతి. ఆ రోజు ఎర్రది. వారం తిరిగేసరికి ఎర్ర దారం ఉన్న చోటల్లా బఠాణీ గింజంత కాయ. దానికి ముందూ వెనకా కట్టిన దారాల్లో నూటికి పది కూడా నిలవలేదు.

పెద్దమ్మకు ఆ మొక్కల మధ్యే అసలు సంగతి తట్టిందట. ఆమె ఈ పని నేర్చుకున్న రోజుల్లో పుప్పొడి అద్దే నెలలో దుప్పటి కప్పుకుంటే గానీ నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు అదే నెలలో ఫ్యాను కింద కూడా చెమటలు. రాత్రుళ్ళు వేడెక్కాయి గానీ బల్బు మాత్రం అదే, ఎత్తూ అదే. అంత జాగ్రత్తగా కాపాడుకున్న పుప్పొడిని రోజూ ఆమే వేయించి చంపుతోంది.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"పూలు రాలింది నీ వల్ల కాదే. నా బల్బు వల్ల."

అమ్మ బట్టలు మడతపెట్టడం ఆపలేదు. "నాకొక్కదానికే చెబితే ఏం ఒరుగుతుందక్కా? పదిమందిలో అన్నావు. పదిమందిలోనే చెప్పు."

చెబితే పుప్పొడి పని చేజారుతుందని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు అమ్మతో పాటు నేనూ షెడ్డుకు వెళ్ళాను. పెద్దమ్మ షెడ్డు మధ్యలో నిలబడి, మళ్ళీ అడిగించుకోకుండానే చెప్పింది. "పూలు రాలింది నా బల్బు వేడికి. తప్పు నాది. ఈమె చెయ్యి మొరటుదన్నాను. అబద్ధం." యజమాని బల్బు తీయించేశాడు. డబ్బా ఇంకొకరికి అప్పజెప్పి, అమ్మను ఆమె పాత వరసలోకి వెళ్ళమన్నాడు.

అమ్మ మొగ్గ విప్పింది. పోగు విరిగింది. రెండోదీ విరిగింది. మూడోదాని దగ్గర పట్టకారే వేళ్ళలోంచి జారిపోయింది. నలభై రోజులు పార పట్టిన వేళ్ళు ఆమె చెప్పినట్టు వినడం లేదు. ఎవరూ నవ్వలేదు.

పెద్దమ్మ వచ్చి, అమ్మ అరచెయ్యి తిప్పి, కాయలు కాసిన చోట్లు తడిమి చూసి భోరుమంది.

"అప్పుడు అబద్ధం చెప్పాను. ఇప్పుడు దాన్ని నిజం చేశానే తల్లీ!"

అమ్మ చెయ్యి లాక్కోలేదు, ఓదార్చనూ లేదు. "పట్టకారు కింద పడింది, అందుకో అక్కా" అంది.