అర ట్యాంకు పెట్రోలు

మా బాబాయి ఒక ఉద్యోగుల క్వార్టర్సులో పన్నెండేళ్లుగా గడ్డి కోస్తున్నాడు. ఆయన పేరు అక్కడ ఎవరికీ తెలియదు. మంగళవారం, శుక్రవారం పొద్దున్నే గేటు దగ్గర మోత మొదలవగానే కిటికీలు వేసుకుంటూ "గడ్డి మిషను వచ్చింది" అంటారు. మనిషి వచ్చాడని ఎవరూ అనరు.

పిన్ని పోయాక ఆయన ఒంటిగదిలో ఉంటున్నాడు. ఒక మంచం, ఒక స్టవ్వు, మూలన పాత గుడ్డ మీద మిషను. నేను ఆదివారాలు వెళ్తాను. వెళ్లినా మా మధ్య మాటలన్నీ ఇంజన్ల గురించే. మందు కొట్టే పంపులవాళ్లు, రంపం మిషన్లవాళ్లు, ఇంజను వేడెక్కి ఆగిపోతోందంటే ఆయన దగ్గరికే తెస్తారు. ఆయన ముందు ప్లగ్గు విప్పుతాడు. దాని కొన టీ రంగులో ఉంటే ఆరోగ్యం, పాలిపోయి తెల్లగా ఉంటే వేడి ఎక్కువైనట్టు. తర్వాత "ఆయిలు ఎంత కలిపావు?" అంటాడు.

"ఏదో ఉజ్జాయింపుగా పోశానండి."

"డబ్బా మీద రాసింది ఎవరి కోసమనుకున్నావు? పెట్రోల్లో నువ్వు కలిపిందే దీనికి నూనె. అది తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది. అప్పుడు నా దగ్గరికి కాదు, పాత ఇనుము కొనేవాడి దగ్గరికి పట్టుకెళ్లు."

చివరికి పైతొడుగు తీసి, సిలిండరు చుట్టూ గాలి తగలడానికి ఉండే సన్నటి రెక్కలు చూపిస్తాడు. చాలాసార్లు జబ్బు అక్కడే ఉంటుంది. రెక్కల సందుల్లో దుమ్ము గట్టిపడి, గాలికి దారి ఉండదు.

అంత తెలిసిన మనిషి సొంత మిషను ఆ వానాకాలమంతా ఇరవై నిమిషాలకే ఆగిపోయేది. సరిగ్గా మూడో బ్లాకు ముందు.

మూడో బ్లాకు వరండాలో ఒక దర్జీ ఆవిడ కుట్టుమిషను వేసుకుని కూర్చునేది. గడ్డి మిషను మోత ఆగగానే తలెత్తేది.

"మళ్లీ అలిగిందా, అన్నయ్యగారూ?"

"వేడెక్కిందమ్మా. పది నిమిషాలు చల్లారాలి."

"నా మిషనే నయం. నా మోకాళ్లు అలుగుతాయి గానీ అది అలగదు."

బాబాయి మెట్టు మీద కూర్చునేవాడు. ఆవిడ అల్లుడి గురక గురించి, కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి లాక్కునే మగవాళ్ల గురించి చెప్పేది. ఈయన పిన్ని గురించి కూడా రెండు ముక్కలు మాట్లాడాడట. నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఒక ఆదివారం అడిగాను. "నీ మిషను రెక్కలు చూసుకోకూడదా, బాబాయ్?"

"చూశాను."

"మరి?"

"దుమ్ముంది."

"తియ్యలేదేం?"

"తీస్తే ఆగదు" అని స్టవ్వు వైపు తిరిగిపోయాడు.

కానీ ఇంజను ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది? ఆగేముందు దాని గొంతు సన్నబడుతోందని, ప్లగ్గు తెల్లబడిందని ఆయనకి తెలుసు. ఈలోగా సూపర్‌వైజరు పిలిచాడు. "శుక్రవారం కూడా ఆగిందంటే కాంట్రాక్టువాళ్లని పెట్టుకుంటాం. మాకు గడ్డి కోసేవాడు కావాలయ్యా, వరండాల్లో కబుర్లు చెప్పేవాడు కాదు." వీళ్లకి ఆగిన మోత మాత్రం బాగానే వినిపిస్తుంది.

గురువారం సాయంత్రం బాబాయి పైతొడుగు విప్పాడు. వెదురు పుల్లతో, పాత పళ్లబ్రష్షుతో ఒక్కొక్క రెక్కా శుభ్రం చేశాడు. సైలెన్సరు జాలీలో మసి గీకాడు.

శుక్రవారం మిషను ఆగలేదు. మూడో బ్లాకు దాటుతుంటే ఆవిడ తలెత్తి చూసింది. ఈయన తలూపి ముందుకెళ్లిపోయాడు. కారణం లేకుండా ఒకరి వరండాలో కూర్చోవడం ఆయనకి చేతకాదు.

మంగళవారం ఆవిడే చెయ్యెత్తి ఆపింది.

"నా మిషను కూడా వేడెక్కుతోంది, అన్నయ్యగారూ. కాస్త చూస్తారా?"

బాబాయి వెళ్లి కుట్టుమిషను మీద అరచెయ్యి ఆనించాడు. చల్లటి ఇనుము.

"తొక్కుడు మిషను వేడెక్కదమ్మా. చల్లగానే ఉంది."

"అలాగా" అని ఆవిడ సూది కిందికి గుడ్డ జరుపుకుంది.

ఆయనకి సంగతి అర్థమయ్యేసరికి ఐదో బ్లాకు వచ్చింది. ఇంజను గొంతు సన్నబడుతుందేమోనని చెవి పెట్టి విన్నాడు. పన్నెండేళ్లలో అదెప్పుడూ అంత హాయిగా నడవలేదు. చివరి గోడ దగ్గర ట్యాంకు ఖాళీ అయ్యి ఆగింది. అక్కడే గోడకి ఆనుకుని పది నిమిషాలు ఒక్కడే కూర్చున్నాడు.

"మొద్దునిరా నేను" అన్నాడు ఆదివారం. "మిషను విషయంలో అబద్ధం నోటికి రాదు."

"వెళ్లి ఊరికే కూర్చో. ఎవరొద్దన్నారు?"

"ఏమని కూర్చోను?"

నా గదికి ఎదురుగా ఎవరుంటున్నారో నాకే తెలియదు.

మర్నాడు కాక ఆ మర్నాడు గేటు దగ్గర ఆయన ట్యాంకులో సగమే పోశాడు. పెట్రోలు అయిపోవడం అబద్ధం కాదు కదా. కానీ బాగుపడిన ఇంజను ఆయన లెక్కకి మించి లాగింది. వరండా దాటి నలభై అడుగులు పోయాక, కుళాయి దగ్గర ఆగింది. వెనక్కి చూశాడు. ఆవిడ తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. నలభై అడుగులు వెనక్కి నడవడానికి ఏ సాకూ తోచలేదు. డబ్బాలోంచి పెట్రోలు పోసుకుని తాడు లాగాడు.

శుక్రవారం గేటు దగ్గర, ట్యాంకులో సగానికి రెండు మూతలు తక్కువ పోశాడు.