ఖాళీ ఉత్తరానికి వేసిన ముద్ర

మొన్న పొద్దున్నే స్టవ్వు మీద పాలు పెట్టి, పొంగకుండా కాపలా కాస్తుంటే జేబులో ఫోను టింగుమంది. తీసి చూస్తే మా మేనకోడలి గృహప్రవేశం ఫలానా తారీఖు, ఫలానా వేళ అని క్యాలెండర్‌లో దానంతటదే ఎక్కి కూర్చుంది, కింద వస్తాను, రాను, ఇప్పుడే చెప్పలేను అని మూడు గడులు. బొట్టు పెట్టి పిలవని పిలుపు కూడా ఒక పిలుపేనా అని మా ఆవిడ గొణిగింది గానీ నేను వెంటనే మొదటి గడి నొక్కాను, ఆ సంబరంలో పాలు పొంగనే పొంగాయి. ఆ మూడు గడుల కోసం ఒకప్పుడు నేనెంత తిరిగానో, అవి కనబడక ముందు ఏం పోగొట్టానో ఆమెకు తెలుసు కనుక పొయ్యి తుడవడంలో పడింది.

రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయిన నాటి మాట. నేనప్పుడు భద్రాచలంలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో గుమాస్తాను. అంతకు ముందు గోదావరి అవతల బూర్గంపాడులో పదిహేనేళ్లు ఇన్‌వర్డ్ గుమాస్తాగా చేశాను, అంటే వచ్చిన ప్రతి కాగితానికీ ముద్ర వేసి, నంబరిచ్చి, రిజిస్టర్‌లో ఎక్కించే పని. అంతకు మించి నాకు వేరే విద్య రాదు, కానీ ఆ ఒక్క విద్య మీద ఉన్న గర్వం మాత్రం ఇంతా అంతా కాదు. సంస్థలో కంప్యూటర్ పెట్టినా నా పద్ధతి మారలేదు. వచ్చిన ప్రతి మెయిల్‌నూ ప్రింటు తీసి, కుడివైపు పై మూల ముద్ర కొట్టి, రిజిస్టర్‌లో రాసి, పెద్దసారు బల్ల మీద పెట్టి, ఆ తర్వాత కంప్యూటర్‌లోని మెయిల్‌ను చెరిపేసేవాణ్ణి. అప్పటి మెయిల్ పెట్టెలు చిన్నవి, నిండితే కొత్తవి రావని ఎవరో చెప్పగా విని పెట్టుకున్న భయం అది. ఆ రోజుల్లో ఆఫీసుల్లో పనిచేసినవాళ్లు దీనికి నవ్వరనే నా నమ్మకం, మీలో సగం మంది అదే చేసి ఉంటారు.

మా సంస్థ చేసే పనుల్లో జనానికి బాగా పనికొచ్చింది కంటి శిబిరం. పట్నంలోని ఒక ఆసుపత్రి వాళ్లు రెండు నెలలకోసారి వ్యాను పంపేవాళ్లు. అది మా ఆఫీసు ముందు ఆగేది, డాక్టరు కళ్లు చూసి, శుక్లాలు కోయవలసిన వాళ్లను అదే వ్యానులో తీసుకెళ్లి, ఆపరేషన్ చేయించి, నాలుగో రోజుకు మళ్లీ మా వాకిట్లో దింపేవాళ్లు. తారీఖు ముందుగా ఉత్తరంలో వచ్చేది. అది రాగానే నేను చీటీలు రాసి చర్ల బస్సు కండక్టర్ చేతికిచ్చేవాణ్ణి, ఆయన ఏ మలుపు దగ్గర ఏ చీటీ ఇవ్వాలో నాకంటే బాగా ఎరిగినవాడు. చర్ల అవతలి అడవి ఊళ్లను చూసుకునే మా ఆరోగ్య కార్యకర్తను అందరం అక్క అనేవాళ్లం, ఆమె చీటీ అందుకుని ఊరూరా తిరిగి ముసలివాళ్లను కూడగట్టి తెచ్చేది. సెల్‌ఫోన్లున్నా అక్కడ సిగ్నల్ ఉండేది కాదు, పోలీసు క్యాంపు దగ్గర దొరికే కాస్తా అది దాటగానే పోయేది, చీటీ ఒక్కటే తప్పకుండా చేరేది.

ఆ ఏడాది జాబితాలో మొదటి పేరు అక్క వాళ్ల అత్తది. రెండు కళ్లకూ శుక్లాలే, ఎడమది బాగా ముదిరింది. ఒకసారి కోడలి భుజం పట్టుకుని ఆఫీసుకు వచ్చి, మెట్టు మీద కూర్చుని, వాళ్ల భాష కలిసిన తెలుగులో తన కష్టం చెప్పుకుంది. "చెట్టు కింద ఇప్పపువ్వు రాలిందని వాసనొస్తది బిడ్డా, చేతికే దొరుకుతలేదు" అంది. ఆ చెట్లు ఆమె అత్తగారి నాటి నుంచీ వాళ్లు ఏరుకునేవట, తెల్లవారుజామున అందరికంటే ముందు గంప నిండేది తనకేనట, నిరుడు మాత్రం మనవరాలు ఏరుతుంటే తను చెట్టు మొదట్లో కూర్చుని కుక్కల్ని అదిలించిందట. నేను ఆమె పేరు రాసుకుని, ఈ రెండు నెలల్లో తప్పకుండా అవుతుంది అవ్వా అన్నాను. అంత ధీమాగా ఎందుకన్నానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

శివరాత్రి దాటింది, తారీఖు రాలేదు. అక్క నుంచి కండక్టర్ చేత చీటీ వచ్చింది, దాని వెనకే ఇంకా రాలేదని రాసి పంపాను. ఇప్పపువ్వు కాలం వచ్చి వెళ్లింది, మళ్లీ చీటీ వచ్చింది, మళ్లీ అదే జవాబు. పెద్దసారు కూడా ఒకరోజు కళ్లజోడు పైకెత్తి, వ్యాను సంగతేమైందని అడిగారు. విషయం వరసలో కంటి శిబిరం అన్న మాట కోసం చూసి, ఇన్‌వర్డ్‌లో లేదు సార్ అని రిజిస్టర్ తిప్పి మరీ చూపించాను. ఒక ఫోను చేసి కనుక్కుందామని నాకు తోచలేదా అంటే, తోచింది, కానీ వచ్చినదాన్ని ఎక్కించడమే గుమాస్తా పని, రానిదాని వెంట పడడం పెద్దవాళ్ల పని అని బూర్గంపాడులో నేర్చుకున్న పాఠం నా ఒంట్లో అంతగా ఇంకిపోయింది.

ఎండలు మండిపోతున్న రోజుల్లో ఆసుపత్రి నుంచే ఫోను వచ్చింది. శిబిరాల లెక్క చూసే అమ్మాయి, గొంతు వింటే మా పెద్దమ్మాయి ఈడే ఉంటుందనిపించింది. "రెండుసార్లు డేట్ పంపినం సార్, మీరు యాక్సెప్ట్ కొట్టలే. మూడోసారీ గట్లనే అయితే మీ సెంటర్ లిస్టులకెల్లి తీసేస్తరంట, జర చూడుండ్రి" అంది. నాకు రోషం పొడుచుకొచ్చింది. మీరు పంపనే లేదమ్మా, ఇక్కడ రిజిస్టర్ ఉంది అన్నాను. ఆ పిల్ల పాపం గొడవ పడకుండా, ఆ ఏడాది నుంచి వాళ్ల ఆఫీసులో ఉత్తరాలు మానేసి క్యాలెండర్ ద్వారా పిలుపులు పంపుతున్నారని, మనం ఒప్పుకుంటే తప్ప వ్యాను బయలుదేరదని ఓపికగా చెప్పింది.

అక్కడి నుంచి మొదలైంది నా తిరుగుడు. ముందు మా మెయిల్ అడ్రసు ఒక్కొక్క అక్షరం ఫోనులో ఒప్పజెప్పాను, సరిగ్గానే ఉంది. చెత్త మెయిళ్లు పడే పెట్టె తెరిస్తే విదేశాల్లో నాకు లాటరీ తగిలిందని చెప్పే పెద్దమనుషులు బోలెడంతమంది దొరికారు గానీ ఆసుపత్రి పిలుపు లేదు. ఈలోగా కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. చివరికి ఇలా కాదని గొడుగేసుకుని బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌కు వెళ్లాను. అది నడిపేది మా ఇంటి ఓనరు అల్లుడు, అశ్వారావుపేటలో పామాయిల్ తోటలు చూసుకోమంటే చూసుకోకుండా కంప్యూటర్లు పెట్టుకున్నాడని మామగారికి కాస్త కినుక. ఆయన సంగతంతా విని, ఇంకో కంపెనీ మెయిల్‌లో నా పేరన కొత్త ఖాతా తెరిచి, రెండింటికీ ఒకేసారి పంపమని ఆ అమ్మాయికి చెప్పించాడు.

పంపింది. కొత్త ఖాతాలో తారీఖు, వేళ, చోటు, కింద మూడు గడులతో పెళ్లిపత్రికంత చక్కగా తెరుచుకుంది. మా ఆఫీసు ఖాతాకు వచ్చినదాంట్లో మాత్రం ఒక్క అక్షరం లేదు, కింద ఏదో వింత పేరుతో జతచేసిన కాగితం ఒకటి, నొక్కితే తెరుచుకోదు. వాళ్ల ప్రోగ్రాం తన పద్ధతిలో మూటగట్టి పంపుతుందట, ఆ ముడి విప్పడం కొన్ని మెయిళ్లకే తెలుసట. "మీ దానికి ఇప్పరాదు అన్నా, గంతే. రాక కాదు, అస్తనే ఉన్నది" అన్నాడాయన.

వస్తూనే ఉంది అన్న మాట వినగానే గొడుగు అక్కడే మరిచి లేచాను. ఎండలో ఆఫీసుకు ఎలా నడిచానో తెలియదు. రిజిస్టర్ తీసి వెనక్కి తిప్పాను. శివరాత్రికి ఇరవై రోజుల ముందు ఒక పద్దు, నా చేతిరాతే, ముత్యాల్లాంటి అక్షరాలు: పంపినవారు ఆసుపత్రి, విషయం ఏమీ లేదు, ఉత్తరం ఖాళీ, ఫైలు చేయడమైనది. ఉగాది వెళ్లాక మరొకటి, అదే మాట. ఫైలు తీస్తే ఆ రెండు తెల్ల కాగితాలూ ఉన్నాయి, కుడివైపు పై మూల రెంటికీ ముద్ర వంకర లేకుండా పడింది. ప్రింటు తీసి, ముద్ర కొట్టి, అసలు మెయిల్ చెరిపేసి, ఇన్‌వర్డ్‌లో లేదు సార్ అన్నది నేనే. ఖాళీ కాగితాన్ని పనిగట్టుకుని ఎవరైనా రెండుసార్లు ఎందుకు పంపుతారని ఒక్క క్షణం ఆలోచించని మనిషికి అంత గర్వం ఎందుకో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

ఇక మిగిలింది ఈ మూడో తారీఖే. మృగశిర కార్తె మొదట్లో పడింది. అది తప్పితే వాగులు పొంగి ఆ ఊళ్లకు దసరా దాకా దారి ఉండదు, మా సెంటర్ పేరూ లిస్టులో ఉండదు. వస్తాను అన్న గడి నొక్కి, నొక్కింది వాళ్లకు చేరిందా అని ఫోను చేసి అడిగి, చీటీ రాయడానికి కూర్చుంటే వేళ తెల్లవారుజామున మూడున్నర అని ఉంది. నాకేమీ వింత అనిపించలేదు, ఎండకు భయపడి రాత్రే బయలుదేరుతారు కాబోలు అనుకుని అలాగే రాశాను. అక్క కూడా వింత అనుకోలేదు, ఆ ఊళ్లలో ఆ వేళకు జనం లేచి తిరుగుతూనే ఉంటారు. ముందురోజు సాయంత్రం బస్సుకే పదకొండు మందిని తెచ్చి మా ఆఫీసు వరండాలో దింపింది. మా ఆవిడ ఉప్మా చేసి పంపింది. మూడున్నర అయింది, నాలుగయింది, వ్యాను లేదు, బయట కుండపోతగా వాన. అవ్వ గోడకు చేరగిలబడి కూర్చుని, వ్యాను చప్పుడైందా అని అడిగినప్పుడల్లా నేను గేటు దాకా వెళ్లి వచ్చాను, నా తల పూర్తిగా తడిసిపోయింది.

వ్యాను తొమ్మిదింటికి వచ్చింది, సరిగ్గా చెప్పిన వేళకే వచ్చామన్నారు వాళ్లు. కొత్త ఖాతా తెరిచినప్పుడు దేశం మార్చడం మరిచామట, అందులో గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ఎక్కడో సీమ దేశపు వేళ చూపిస్తోందట. నన్ను నేను తిట్టుకోబోతుంటే చర్ల కండక్టర్ గొడుగు దులుపుకుంటూ వచ్చి, వాగు పొంగి పొద్దుటి బస్సు ఇక్కడే ఆగిపోయిందని చెప్పాడు. పొద్దున రమ్మని ఉంటే ఆ పదకొండు మందిలో ఒక్కరూ రాగలిగేవాళ్లు కారు. పెద్దసారు నా వంక చూసి నవ్వారు, నాకు మాత్రం నవ్వు రాలేదు, ఇందులో నా గొప్ప ఏముంది గనక.

నాలుగో రోజు మధ్యాహ్నం వ్యాను వాళ్లను తిరిగి తెచ్చింది. అందరి కాగితాలూ నాకిచ్చారు, ఎక్కించడం నా పని కనుక ఒక్కొక్కటీ ముద్ర వేసి రాస్తూ వచ్చాను. అవ్వ కాగితం చేతికొచ్చింది. కుడి కన్ను ఆపరేషన్ అయింది, చూపు బాగుంది. ఎడమ కంట్లో శుక్లం ముదిరిపోయి లోపల నరం దెబ్బతిన్నది, చూపు రాదు, ఆలస్యంగా తెచ్చారు. వెంట వచ్చిన నర్సును అడిగితే, శివరాత్రి నాటికి తెచ్చి ఉంటే అదీ దక్కేదేమో అంది. ఆ మాటలు నేను అదే రిజిస్టర్‌లో రాయాల్సి వచ్చింది. ఆలస్యంగా అన్న మాట రాయడానికి అంత సేపు ఎప్పుడూ పట్టలేదు నాకు.

అవ్వ అదే మెట్టు మీద కూర్చుని నల్లద్దాల్లోంచి వాకిట్లో కోళ్లను చూసి మురిసిపోతోంది. నేను పక్కన కూర్చుని, అక్కను దగ్గరుండి సరిగ్గా అర్థమయ్యేటట్టు చెప్పమని, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. తారీఖు రెండుసార్లూ వచ్చిందని, కాగితం తెల్లగా కనబడితే పక్కన పడేశానని, ఆ కన్ను పోయింది నా వల్లేనని. అక్క తమ భాషలో చెబుతున్నంత సేపూ ఆమె నా ముఖమే చూస్తోంది, అప్పటిదాకా గొంతు తప్ప నా ముఖం ఆమె ఎరగదు. అంతా విని, నా మోకాలి మీద చెయ్యేసి, "సదువుకున్నోనివి, నీకే కనబడకపోతే నాకేం కనబడుతది బిడ్డా" అంది.

ఓదార్చిందో, మందలించిందో ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆమె ముఖంలో కోపం లేదు, నవ్వు మాత్రం ఉంది. మరుసటి వేసవికి ఒక్క కంటితోనే గంప నింపిందని అక్క చీటీ రాసింది, చీటీతో పాటు ఎండబెట్టిన ఇప్పపువ్వు ఒక మూట కండక్టర్ చేత వచ్చింది. అప్పటి నుంచి ఆసుపత్రి అమ్మాయి పిలుపుతో పాటు తారీఖునూ వేళనూ మామూలు మాటల్లో రాసి పంపేది, నేను అందిందని ఫోను చేసేవాణ్ణి, నేను ఉద్యోగం మానేదాకా ఆ అలవాటు మా ఇద్దరికీ తప్పలేదు.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన పడింది, చర్ల దాకా రోడ్డు బాగుపడింది, అడవి ఊళ్లలోనూ ఫోన్లు మోగుతున్నాయి. అక్క ఈమధ్య కలిసినప్పుడు చెప్పింది, కంటి శిబిరం తారీఖు ఇప్పుడు ఊళ్లోవాళ్ల ఫోన్లకే నేరుగా వస్తుందట, గుమాస్తాలూ చీటీలూ ముద్రలూ మధ్యలో ఎవరూ లేరట. నా పద్ధతి, నా రిజిస్టర్, నా చేతిరాత అన్నీ ఎవరికీ అక్కరలేనివైపోయాయని మా ఈడు వాళ్లం కూర్చున్నప్పుడు చెప్పుకుని బాధపడుతుంటాం, నేనూ పడతాను. కానీ ఆ తారీఖు ఇక నా చేతుల మీదుగా పోనక్కర్లేదని విన్నప్పుడు మాత్రం నాకు నిజంగా సంతోషమే కలిగింది. ఆ రోజు అవ్వ కంటికి ఆలస్యంగా వచ్చింది, అంతే.