కజిఓకా పాట

మినాహమ రేవులో చేపముద్దల ఫ్యాక్టరీలో పనిచేసే తొమోఎకి ఆ చలికాలమంతా కోపంతోనే గడిచింది. ఊరి బేస్‌బాల్ జట్టులో ఆడే కజిఓకా జట్టు మారాడు.

చెప్పకుండా పోయినా బాగుండేది. టీవీలో కూర్చుని, మినాహమ మనుషుల్ని గుండెల్లో పెట్టుకుని తీసుకెళ్తున్నానని కళ్ళు తుడుచుకున్నాడు. వారం తిరక్కుండా రాజధాని జట్టు నల్లచొక్కా తొడుక్కుని పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. తొమోఎ తాగుతున్న టీ పారబోసి, టీవీ కట్టేసి, గోడ మీద జట్టు క్యాలెండరులో వాడి బొమ్మ ఉన్న కాగితం చింపేసింది. దాని వెనకవైపే డిసెంబరు తేదీలున్నాయని రెండు రోజుల తర్వాత గానీ తెలియలేదు. అందుకూ వాడి మీదే కోపం వచ్చింది.

ఆమె పదిహేనో ఏట బడి మానేసి ఫ్యాక్టరీలో చేరింది. ఇప్పుడు యాభై ఒకటి. మాట తక్కువ మనిషి. సెలవు దొరికినప్పుడల్లా, ఊరివాళ్ళు కొంగలని పిలుచుకునే ఆ జట్టు ఆట చూడ్డానికి పోయి కుడివైపు గ్యాలరీలో కూర్చునేది. అక్కడ జట్టుకోసం పాడే అభిమానుల దండు ఒకటుంది. వాళ్ళకి బాకాలు, జెండాలు, ఒక పెద్ద డోలు. ఆడవాళ్ళకి జెండాలు మడతపెట్టే పని తప్ప ఇంకోటి ఇచ్చేవారు కాదు. ఒక వానరోజు డోలు వాయించే అతనికి భుజం పట్టేసింది. ఎవరూ అడక్కుండానే తొమోఎ పోయి కర్రలు తీసుకుంది. ఆట అయ్యేదాకా తిరిగివ్వలేదు. ఇరవై రెండేళ్ళయింది, ఇప్పటికీ ఇవ్వలేదు.

ఒక్కో ఆటగాడికి ఒక్కో పాట ఉంటుంది. అతను బ్యాటుతో వచ్చినప్పుడల్లా దండు అది పాడాలి. కజిఓకా పద్దెనిమిదేళ్ళ బక్కవాడిగా ఊళ్ళోకి వచ్చిన ఏడు, వాడి పాటకి డోలు దెబ్బ కట్టింది తొమోఎ. మూడు నిదానంగా, రెండు వడిగా. ఫ్యాక్టరీలో చేపముద్దల్ని కోసే కత్తి యంత్రం రోజంతా అలాగే మోగుతుంది. చెవుల్లో నానిపోయిన ఆ మోతని ఆమె ఎవరికీ చెప్పకుండా వాడికిచ్చింది. తర్వాత ఊళ్ళో పసిపిల్లలు కూడా పళ్ళెం మీద చెంచాలతో అదే కొట్టేవారు. అలా పదకొండేళ్ళు.

కొత్త సీజను మొదలవడానికి మూడు రోజుల ముందు కురమోచి క్షౌరశాలలో దండు కూడింది. క్షురకుడు కురమోచే వాళ్ళ నాయకుడు. ఒకరి గడ్డానికి నురగ రాస్తూనే, కజిఓకా పాటని ఇకనుంచి నిషిగోరికి వాడదామన్నాడు. నిషిగోరి రెండో ఏడు కుర్రాడు, కజిఓకా చోట్లో ఆడబోయేది వాడే. పేరు మారిస్తే చాలు, జనానికి వచ్చిన పాటే కాబట్టి మళ్ళీ నేర్పక్కర్లేదని కురమోచి లెక్క.

తొమోఎకి చెవులు వేడెక్కాయి. పోయినవాడి పాటని పాతిపెట్టడం ఆనవాయితీ అని గుర్తుచేసింది. విడిచిన చొక్కా ఇంకొకడికి తొడుగుతారా అని అడిగింది.

"పాట జట్టుది తొమోఎ. కజిఓకాదీ కాదు, నీదీ కాదు."

"దాని దెబ్బ నా చేతుల్లోంచి వచ్చింది. నిషిగోరికి నేను వాయించను. ఏం చేసుకుంటారో చేసుకోండి."

కురమోచి కత్తి తుడిచి, తాపీగా చెప్పాడు. "అయితే శుక్రవారం నువ్వు రాకపోయినా ఫర్వాలేదు. కర్రలు పంపించు."

మూడు రోజులూ ఆమె అందరి మీదా మండిపడింది. పాటనే వదులుకోవాలో, డోలునే వదులుకోవాలో తేలలేదు. శుక్రవారం మధ్యాహ్నం కర్రలు సంచిలో పెట్టుకుని తానే వెళ్ళింది. నిషిగోరి వచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడాలని, ఆ తర్వాత కర్రలు ఎవడు లాక్కుంటాడో చూడాలని నిశ్చయించుకుంది.

సముద్రం మీదినుంచి గాలి ఈడ్చి కొడుతోంది. మొదటి ఆటే రాజధాని జట్టుతో. రెండు జట్లూ చెరోసారి బ్యాటు పడితే ఒక వంతు. రెండో వంతులో కజిఓకా బ్యాటుతో బయటికొచ్చాడు. అవతలివాళ్ళు ఆడేటప్పుడు ఇవతలి దండు నోరు మూసుకుని ఉండాలి, డోలు ముట్టుకోకూడదు. వాడు కనబడగానే పదివేల మంది గుర్రుమన్నారు. ఎడమవైపు నల్లచొక్కాల గుంపు వాడికోసం ఒక పాట ఎత్తుకుంది. సొంత పాట లేని కొత్తవాళ్ళందరికీ వాయించే ఉమ్మడి పాట అది. దీనికోసమా నువ్వు పోయింది అని తొమోఎ పళ్ళు నూరింది.

అప్పుడు కజిఓకా గీత దగ్గర నిలబడి, బ్యాటు మూడుసార్లు తిప్పి, టోపీ అంచు తాకాడు.

పదకొండేళ్ళుగా ఆమెకి అదే సైగ. టోపీ మీద వేలు పడగానే డోలు మీద కర్ర పడాలి. పడింది. మూడు నిదానంగా, రెండు వడిగా.

బాకాలవాళ్ళు మైదానాన్ని చూడరు, డోలునే చూస్తారు. మిచిరు అనే పడుచు వెంటనే బాకా ఎత్తింది. తక్కిన నాలుగు బాకాలూ అందుకున్నాయి. కుడివైపు గ్యాలరీ సగం జనం లేచి, ఎదుటి జట్టు ఆటగాడి పేరు పెట్టి గొంతెత్తి పాడారు. కురమోచి చేతులూపుతూ మెట్లమీద పరిగెత్తుకొచ్చేలోగా కజిఓకా కొట్టాడు. బంతి మైదానమంతా దాటి వాళ్ళ గ్యాలరీలోనే, తొమోఎకి మూడు వరసల కింద పడింది. బేస్ మీద ముందే ఉన్నవాడితో కలిపి రెండు పరుగులు.

పాట సగంలో తెగిపోయింది. ముందు వరసలో ఒక ముసలాయన వెనక్కి తిరిగి, "డోలమ్మా, నల్లచొక్కా ఇంట్లో మర్చిపోయి వచ్చావా?" అని అడిగాడు. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. మిచిరు ఏడుపుమొహం పెట్టి, "అక్కా, నువ్వు కొట్టావనే కదా నేను ఊదాను" అంది. కురమోచి కర్రలకోసం చెయ్యి చాచాడు, అంతే.

తొమోఎ అతన్ని చూడలేదు. బేస్‌లు చుట్టి వస్తున్న కజిఓకాని చూసింది. తల దించుకుని పరిగెడుతున్నాడు. తన పాటతో, తన ఊరి గొంతులతో తన పాత జట్టునే కొట్టి పోతున్నాడు. ఒక్కసారైనా ఇటు తిరగలేదు. మూడు నెలలుగా తాను ఆ పాటని ఎవరికోసం దాచిపెట్టిందో ఆమెకి అప్పుడు కనబడింది. ఒళ్ళు భగ్గుమంది.

"ఈ వంతు అవనివ్వండి," అంది కురమోచితో. "అప్పుడు కూడా కావాలంటే తీసుకోండి."

కొంగల జట్టు బ్యాటు పట్టింది. ఇద్దరు అవుటయ్యాక నిషిగోరి వచ్చాడు. చెవులు చలికి ఎర్రబడి ఉన్నాయి. ఏ సైగా చేయడం వాడికింకా రాదు. తొమోఎ సైగకోసం చూడలేదు. కర్రలు రెండూ ఎత్తి మోదింది. అంత గట్టిగా ఆమె ఎన్నడూ వాయించలేదు. మిచిరు ఉలిక్కిపడి బాకా ఎత్తింది. నిషిగోరి పేరుతో ఆ పాట మొదటిసారి మైదానం మీదికి పోయింది. అవతల కజిఓకా తన చోట్లో నిలబడి ఉన్నాడు. వింటున్నాడో లేదో ఆమె పట్టించుకోలేదు. వింటే వినాలి.

నిషిగోరి మూడు బంతులకీ గాలిలో బ్యాటు తిప్పి అవుటయ్యాడు.

"ఆ పాట పెట్టుకుని అలాగేనా ఆడేది, దద్దమ్మా," అని అరిచింది తొమోఎ. గ్యాలరీలో ఆమె గొంతు అంత పైకి లేవడం అంతకుముందెన్నడూ ఎవరూ వినలేదు. "బంతి రాకముందే భుజం తెరుస్తున్నావు. కిందటేడు కూడా చూశాను."

కురమోచి చాచిన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. వాడికి నీ మాట వినబడదులే, దూరం అన్నాడు.

"నాలుగో వంతులో మళ్ళీ వస్తాడుగా. వింటాడు," అని ఆమె అరచేతులకి ఉమ్మి రాసుకుని, కర్రలు బిగించి పట్టుకుంది.